మంచాన పడితే చూసేదెవరు? – బీమా ఖర్చు గిట్టుబాటవుతుందా?

గేదెకు బీమా చేయించేటప్పుడు మన సభ్యులు ఎన్ని ప్రశ్నలు వేస్తారో సంఘ కార్యదర్శులకు తెలియనిది కాదు. చచ్చిపోతేనే డబ్బు ఇస్తారా, వట్టిపోతే ఇస్తారా, చెవిపోగు ఊడిపోతే ఏమిటి అని నిలదీస్తారు. ఇంట్లో పెద్దలకు బీమా తీసుకునేటప్పుడు మాత్రం ఏజెంటు చూపిన చోటల్లా సంతకం పెడుతున్నారు.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో పిల్లలు హైదరాబాదుకో, అమెరికాకో వెళ్లగా ముసలి దంపతులు మాత్రమే మిగిలిన ఇళ్లు చాలా ఉన్నాయి. పక్షవాతం వచ్చినా, తుంటి ఎముక విరిగినా ఆసుపత్రి ఖర్చు కొద్ది రోజులది. స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం ఏళ్ల తరబడి సాగే పని. ఈ రెండు ఖర్చులూ వేరని ముందుగా గ్రహించాలి.

బీమా దేనికి ఇస్తుంది?

మామూలు ఆరోగ్య బీమా ఆసుపత్రిలో చేరి పొందే వైద్యానికి వర్తిస్తుంది. ఇంటికి వచ్చాక పాలసీలో రాసిన కొద్ది రోజులకు మందులు, పరీక్షల ఖర్చు ఇస్తారు. మనిషిని పెట్టుకుని చూసుకునే ఖర్చు సాధారణంగా అందులో ఉండదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన నేటి ఎన్టీఆర్ వైద్యసేవ గాని, 70 ఏళ్లు దాటినవారికి 2024 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన 5 లక్షల రూపాయల ఆయుష్మాన్ వయ వందన గాని ఆసుపత్రి వైద్యానికే. జర్మనీలో 1995 నుండి, జపానులో 2000 నుండి సంరక్షణకే ప్రత్యేకంగా నిర్బంధ బీమా ఉంది. మన దేశంలో అటువంటిది లేదు.

లెక్క వేసి చూద్దాం

చూసుకునే మనిషికి రోజుకు 500 రూపాయలు అనుకుందాం. నెలకు 15,000, ఏడాదికి 1,80,000, మూడేళ్లకు 5,40,000 అవుతుంది. దంపతుల ఆరోగ్య బీమాకు ఏటా 30,000 చొప్పున పదేళ్లు కడితే 3 లక్షలు. పెద్ద ఆపరేషను వస్తే ఆ డబ్బు అక్కరకు వస్తుంది. కాని పై 5,40,000లో ఒక్క రూపాయి కూడా రాదు.

జీతానికి మనిషి దొరకకపోతే ఆ చాకిరీ ఇంటి ఆడవారిపై పడుతుంది. సంఘానికి పాలు పోసే కోడలు మామగారి మంచం వద్ద ఉండిపోతే గేదెలను అమ్ముకోవలసి వస్తుంది. ఆ నష్టం ఏ పాలసీలోనూ రాయరు.

సంతకానికి ముందు అడగవలసినవి

1. ఇంటి వద్ద సంరక్షణకు డబ్బు ఇస్తారా? నెలకు ఎంత, ఎన్ని నెలలు?

2. లేవలేని స్థితిని ఎవరు ధ్రువీకరించాలి?

3. ఇప్పటికే ఉన్న బి.పి., షుగరు జబ్బులకు ఎన్నాళ్లు ఆగాలి?

4. వయస్సుతో ప్రీమియం ఎంత పెరుగుతుంది? మధ్యలో కట్టలేకపోతే ఏమవుతుంది?

మొదటి ప్రశ్నకు కాగితం మీద జవాబు చూపలేని పాలసీని సంరక్షణ బీమాగా భావించరాదు.

మా సలహా

ఉచిత వైద్యసేవకు అర్హత లేనివారు ఆసుపత్రి ఖర్చు కోసం ఒక మోస్తరు పాలసీ తీసుకోవడం మంచిదే. సంరక్షణకు మాత్రం పాల బిల్లు నుండి వేరుగా నిధి కూడబెట్టుకోవాలి. నెలకు 2,000 చొప్పున పదేళ్లకు అసలే 2,40,000 అవుతుంది. ఎవరూ మంచాన పడకపోతే ఆ సొమ్ము ఇంటిదే.

ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా 70 ఏళ్ల వరకు చేయవచ్చు. ప్రమాదంలో పూర్తి అంగవైకల్యం కలిగితే 2 లక్షలు ఇస్తారు. జబ్బుతో వచ్చిన పక్షవాతానికి ఇది వర్తించదు. పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైన అర్హులకు రాష్ట్ర ప్రభుత్వం 2024 జూలై నుండి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 పింఛను ఇస్తోంది. వైద్య ధ్రువపత్రంతో సచివాలయంలో విచారించవలెను.

పొలం పిల్లల పేర రాసేవారు, తమను పోషించాలన్న షరతును దస్తావేజులో తప్పక రాయించాలి. అలా రాసి ఉంటే, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం, చూడని పిల్లల నుండి ఆస్తిని తిరిగి పొందేందుకు ఆర్డీవో వద్దనున్న ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు.

కార్యదర్శులు ఈ విషయాలను సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించవలసినదిగా కోరుతున్నాము.