మూడు చుక్కల్లో అలంపురం శిఖరం

కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చే రోడ్డు మీద తుంగభద్ర దాటాక, అలంపురం చౌరస్తా దగ్గర తూర్పుకు తిరిగితే నవబ్రహ్మ ఆలయాలు వస్తాయి. 7, 8 శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు కట్టించినవి. నిన్నమొన్నటి దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఈ ఊరు 2016 నుంచి జోగులాంబ గద్వాల జిల్లాలోకి వచ్చింది. ఆ గుళ్ల ముందు నిలబడి శిఖరం అంచు వెంబడే చూపును పైకి పోనివ్వండి. కింద నిలువుగా లేచిన గీత పైకి పోయేకొద్దీ మెల్లగా లోపలికి వంగుతుంది. ఎక్కడ వంగడం మొదలైందో వేలు పెట్టి చూపించగలరా? చూపించలేరు. అదే వంపులోని అందం.

దగ్గరికి వెళ్లి చూస్తే అక్కడ వంపే లేదు! ఉన్నవి రాళ్ల వరుసలు. ఒక్కో వరుసను కింది వరుసకన్నా కాస్త లోపలికి జరిపి పేర్చారు. దూరం నుంచి చూసే మన కన్ను ఆ మెట్లన్నిటినీ కలిపి ఒక్క గీతగా చదువుకుంటుంది. కంప్యూటర్ తెర మీద కనిపించే వంపూ ఇంతే. అది కూడా చిన్న చిన్న సరళరేఖల వరుసే.

ఈమధ్య శిల్పాలను కంప్యూటర్‌లోనూ చెక్కుతున్నారు. బ్లెండర్ అనే ప్రోగ్రామ్ ఉచితంగానే దొరుకుతుంది. నేనూ సరదా పడ్డాను. అలంపురంలో తీసుకున్న ఒక ఫోటోను తెర మీద పరచి, శిఖరం అంచు పొడవునా నలభై చుక్కలు పెట్టి వాటిని కలిపాను. ఎంత ఎక్కువ చుక్కలు పెడితే అంత బాగా వస్తుందనుకున్నాను. తీరా చూస్తే వచ్చింది శిఖరం కాదు, గడ్డలు గడ్డలుగా సీతాఫలం! ఒక్కో చుక్క వెంట్రుకవాసి అటో ఇటో పడింది. వంపు ప్రతి తప్పునూ తు.చ. తప్పకుండా పాటించింది.

మరేం చేయాలి? చుక్కలు తగ్గించాలి. అంతేకాదు, కొన్ని చుక్కలను గీత మీద కాక గీతకు బయట పెట్టాలి! ఈ ఉపాయం ఫ్రాన్సులో కార్ల కంపెనీల్లో పుట్టింది. 1959లో సిట్రోయెన్‌లో పనిచేస్తున్న పాల్ ద కాస్టెల్‌జో దీన్ని కనుక్కున్నాడు. కంపెనీ ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. 1960లలో రెనోలో పనిచేసే పియర్ బెజియే కూడా ఇదే దారికి వచ్చి, దాన్ని ప్రచురించాడు. అందుకే వీటికి బెజియే వక్రరేఖలన్న పేరు స్థిరపడింది. మొదట కనుక్కున్నవాడి పేరు వెనకబడిపోయింది, పాపం.

గ్రాఫు కాగితం తీయండి. ‘అ’ను (8, 0) వద్ద, ‘ఆ’ను (8, 10) వద్ద, ‘ఇ’ని (4, 12) వద్ద పెట్టండి. ‘అ’ శిఖరం అడుగు, ‘ఇ’ దాని కొస. ‘ఆ’ మాత్రం గీత మీద ఉండదు, పక్కన నిలబడి గీతను తనవైపు లాగుతుంది. అ–ఆల నడిమి బిందువు (8, 5). ఆ–ఇల నడిమి బిందువు (6, 11). ఈ రెండింటినీ కలిపే గీతకు మళ్లీ నడిమి బిందువు చూడండి: (7, 8). వంపు మీది ఒక బిందువు దొరికినట్టే. నడిమికి బదులు ప్రతిచోటా పావు వంతు దగ్గర, ముప్పావు దగ్గర గుర్తు పెడుతూ ఇదే లెక్క చేస్తే మిగతా బిందువులూ వస్తాయి.

ఇప్పుడు ‘ఆ’ను 4 గళ్లు దించి (8, 6)కు తెండి. (7, 8) కాస్తా (7, 6) అవుతుంది. మీరు 4 గళ్లు లాగితే వంపు 2 గళ్లే కదిలింది. చేయి కొంచెం తడబడినా వంపు మరీ గంతులు వేయదు. నా నలభై చుక్కలకు లేని గుణం ఇదే.

పొడవైన వంపుకు ఇలాంటి ముక్కలు కొన్నిటిని అతుకుతారు. అతుకు దగ్గర ఇటు లాగే చుక్క, అతుకు, అటు లాగే చుక్క, ఈ మూడూ ఒకే సరళరేఖ మీద ఉండాలి. లేకుంటే అక్కడ మూల తేలుతుంది. అయితే ఒకచోట మూల కావాలి కూడా! శిఖరం పైన ఉసిరికాయలా గాళ్లు పడ్డ గుండ్రటి రాయి ఉంటుంది, దాన్ని ఆమలకం అంటారు. దాని కింది మెడ దగ్గర గీత చటుక్కున తిరగాలి. అక్కడ ఆ సరళరేఖను కావాలనే విరిచేస్తారు.

నా ఫోటోలో ఇంకో తప్పు ఉంది. కింద నిలబడి కెమెరా పైకెత్తి తీశాను కాబట్టి పైభాగం సన్నబడింది. అసలు గుడిలో ఉన్నదానికన్నా ఎక్కువ వంపు పడింది. అందుకే కొలిచేవాళ్లు ఒక్క ఫోటోను నమ్మరు. చుట్టూ తిరిగి వందల ఫోటోలు తీస్తారు, లేదా లేజరు కిరణంతో కొలుస్తారు.

ఇంత పట్టింపు దేనికంటారా? శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునగకుండా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి, అలంపురం తెచ్చి మళ్లీ కట్టారు. ఏ రాయి ఎంత లోపలికి జరిగి ఉండాలో కొలత లేకపోతే అలాంటి పని సాగదు. 2009 అక్టోబరులో వరద అలంపురాన్నే ముంచెత్తింది.

గ్రాఫు కాగితం ఇంకా ముందే ఉందిగా? ఈసారి ‘ఆ’ను (12, 6)కు జరపండి. నడిమి బిందువు (9, 6)కు వస్తుంది, అంటే అడుగుకన్నా వెడల్పు! శిఖరానికి కుండలా పొట్ట వస్తుంది. ఆ పొట్ట పోవాలంటే ‘ఆ’ను అడ్డంగా ఎన్ని గళ్లు వెనక్కి తేవాలో లెక్క కట్టి చూడండి.