కరెంటు తీగలకు అందని పూల చెట్టు

బడంగ్‌పేట్‌లో మాది 120 గజాల ఇల్లు. గేటుకూ రోడ్డుకూ మధ్య రెండడుగుల మట్టి మిగిలింది. సిటీ శివార్లలో ఇల్లు కట్టుకున్నవాళ్లకు తెలుసు, ఆ రెండడుగులే మన తోట.

ఐదేళ్ల కిందట అందులో నాన్న ఒక మొక్క పెట్టాడు. సాగర్ రోడ్డులోని నర్సరీ నుంచి స్కూటీ మీద కాళ్ల మధ్య పెట్టుకుని తెచ్చాం. పేరేంటని అడిగితే ‘లెజర్‌స్ట్రోమియా’ అన్నారు. ఊదా కలిసిన గులాబీ రంగు పూలు. మూడేళ్లకే అది మొదటి అంతస్తు దాటి కరెంటు తీగల్లోకి కొమ్మలు చాపింది. వానాకాలానికి ముందు కొమ్మలు కొట్టేవాళ్లు వచ్చారు. అరగంటలో చెట్టు కాస్తా మొండెమైంది. వాళ్ల తప్పేం లేదు, గాలివానకు కొమ్మ విరిగి తీగ మీద పడితే కాలనీ మొత్తం చీకటే. కానీ నాన్న మర్నాటి నుంచి పేపర్ చదువుకునే కుర్చీని సిటౌట్ నుంచి హాల్లోకి మార్చేసుకున్నాడు. అడిగితే, “బయట ఎండ ఎక్కువైంది రా” అన్నాడు. నిజమే, చెట్టు లేదు కదా.

అప్పుడు కూర్చుని వెతికితే అర్థమైంది, మేం చేసిన పొరపాటు ఎక్కడుందో.

ఒకే పేరు, రెండు చెట్లు

నర్సరీలో ‘లెజర్‌స్ట్రోమియా’ అని అడగడమంటే దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి ‘శ్రీను వాళ్ల ఇల్లెక్కడ?’ అని అడిగినట్టే. అది ఒక మొక్క పేరు కాదు, ఒక కుటుంబం పేరు. మేం తెచ్చింది అందులో పెద్దది, వరగోగు. మహారాష్ట్రకు రాష్ట్ర పుష్పం కూడా అదే, అక్కడ తామణ్ అంటారు. 30 నుంచి 50 అడుగుల వరకూ పెరగడం దాని స్వభావం. రెండడుగుల మట్టిలో, తీగల కింద దాన్ని పెట్టింది మేమే.

మాకు కావాల్సింది దాని చిన్న చెల్లెలు. ఇంగ్లిష్‌లో క్రేప్ మిర్టిల్, తెలుగులో చినగోరంట. పూరేకులు క్రేప్ గుడ్డలా ముడతలు ముడతలుగా ఉంటాయి. గోరింటాకు, దానిమ్మ కూడా ఈ కుటుంబానికి చుట్టాలే. నమ్మకం కుదరకపోతే ఒక దానిమ్మ పువ్వు పక్కన పెట్టి చూడండి, ఆ నలిగిన రేకులే సాక్ష్యం. చైనాలో దీన్ని ‘వంద రోజుల ఎరుపు’ అంటారు, అన్నాళ్లు పూస్తుంది కాబట్టి. జపాన్ వాళ్లు పెట్టిన పేరు ఇంకా బాగుంటుంది: ‘కోతి జారుతుంది’! బెరడు ఊడిపోయి కాండం అంత నున్నగా ఉంటుంది మరి. లెజర్‌స్ట్రోమియా అనే పేరు మాత్రం 1759లో లిన్నేయస్ పెట్టింది, తనకు మొక్కలు తెప్పించి ఇచ్చిన లాగర్‌స్ట్రోమ్ అనే స్వీడన్ వర్తకుడి మీద అభిమానంతో.

అయితే ఇందులోనూ మెలిక ఉంది. మామూలు చినగోరంట కూడా 15-20 అడుగులు ఎక్కుతుంది. మళ్లీ తీగలే! అందుకే పొట్టి రకాలు. అమెరికాలోని నేషనల్ ఆర్బొరేటమ్‌లో డొనాల్డ్ ఎగోల్ఫ్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు ఈ చెట్ల మీదే పనిచేశాడు. జపాన్‌కు చెందిన మరో జాతితో కలిపి బూడిద తెగులును తట్టుకునే రకాలు తెచ్చాడు. ఆ సంస్థ నుంచి వచ్చిన చికసా, పోకోమోక్ లాంటి రకాలు మోకాలి ఎత్తు, నడుము ఎత్తు దగ్గరే ఉంటాయి. మన దగ్గర ఆ పేర్లతో దొరకవు. ‘డ్వార్ఫ్’ అని అడగాలి, అంతే.

టెక్సస్‌లో ఉండే మా పిన్ని కొడుక్కి ఈ సంగతి చెబితే నవ్వాడు. అక్కడ ప్రతి వీధిలోనూ ఇవేనట. 1997 నుంచి అది వాళ్ల రాష్ట్రానికి అధికారిక పొద కూడా. తెలుగువాళ్లు బోలెడంతమంది ఉండే డాలస్ పక్కన, మెకిన్నీలో వీటి రకాలన్నీ ఒకచోట పెంచే పార్కే ఉంది. వాడే చెప్పాడు: పెద్దరకం తెచ్చి, ఏటా చలికాలంలో లావు కాండాన్ని అడ్డంగా నరికి చిన్నగా ఉంచుదామనుకునేవాళ్లు అక్కడా ఉన్నారట. ఆ పనికి పేరు ‘క్రేప్ మర్డర్’. నరికిన చోట గుత్తులుగా బలహీనమైన రెమ్మలు పుట్టి, పూల బరువుకు వంగి విరుగుతాయి. ఎత్తు అనేది మొక్క పుట్టుకలో ఉంటుంది, మన కత్తెరలో కాదు.

డ్వార్ఫా, పిల్ల మొక్కా?

ఈసారి నర్సరీకి వెళ్తూ నాన్నని కూడా లాక్కెళ్లాను. నర్సరీ ఆయనది కడియం దగ్గరి ఊరు. నేను ఒక పొట్టి మొక్క చూపిస్తే ఆయనే ఆపాడు. “అది డ్వార్ఫు కాదండి బాబూ, చంటిపిల్ల. రెండేళ్లాగితే మిమ్మల్ని దాటేస్తది.” తేడా కూడా ఆయనే చూపించాడు. పొట్టి రకంలో కణుపుకూ కణుపుకూ మధ్య దూరం తక్కువ, ఆకులు చిన్నవి, అడుగు నుంచే గుబురుగా కొమ్మలు వేస్తుంది. పొడుగ్గా ఒకే కర్రలా లేచిందంటే అనుమానించాలి. రెండు తీసుకున్నాం. ఒకటి గేటు దగ్గరికి, ఒకటి కుండీకి.

మొదటి ఏడాది కుండీ మొక్క ఒక్క పువ్వు పూస్తే ఒట్టు. సిటౌట్‌లో, చల్లగా ఉంటుందని నీడన పెట్టాను. పూయట్లేదని ఎరువు మీద ఎరువు వేశాను. ఆకులు మాత్రం నవనవలాడాయి, తర్వాత వాటి మీద తెల్లగా పౌడర్ చల్లినట్టు బూడిద తెగులు. నీడ, గాలి ఆడకపోవడం దానికి పండగ. నత్రజని ఎక్కువైతే మొక్క ఆకుల మీదే మనసు పెడుతుంది. మేడ మీదికి ఎక్కించి, రోజుకు ఆరేడు గంటలు ఎండ తగిలేలా పెట్టాక గాని మొగ్గ కనిపించలేదు. మే నెల ఎండకు అన్ని మొక్కలూ తలలు వేలాడేస్తే ఇది మొగ్గ తొడిగింది. నాకే ఆశ్చర్యం.

మా బోరు నీళ్లు ఉప్పగా, సున్నంగా ఉంటాయి. కొన్నాళ్లకు లేత ఆకులు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. తెగులనుకుని మందు కొట్టబోయాను. అది ఇనుము లోపం. మట్టి క్షారంగా మారితే అందులో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. వాన నీళ్లు డ్రమ్ములో పట్టి పోస్తూ, కుండీలో సగం మట్టి మార్చి కంపోస్టు కలిపితే నెలలో కొత్త ఆకు పచ్చగా వచ్చింది. 16 అంగుళాల కుండీ, అడుగున నీరు పోయే చిల్లులు చాలు. పేనుబంక వస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కలు సబ్బు నీళ్లు, సాయంత్రం పూట.

కత్తిరింపు గురించి ఒక్కటే గుర్తుంచుకుంటే చాలు: ఇది ఆ ఏడాది వచ్చిన కొత్త రెమ్మ చివరే పూస్తుంది. కాబట్టి ఫిబ్రవరి మొదట్లో, చిగురు రాకముందే, పెన్సిల్ కంటే సన్నటి పుల్లలు తీసేయాలి. పూత అయ్యాక ఎండిన గుత్తిని కాయ కట్టకముందే తుంచేస్తే నెలన్నర, రెండు నెలల్లో మళ్లీ పూస్తుంది. అంతకు మించి ముట్టుకోవద్దు.

ఇంకో విషయం. చలికాలంలో ఆకులు రాలిపోతాయి. మొన్న డిసెంబర్లో మా అమ్మ, “చచ్చిపోయినట్టుంది బిడ్డా, పీకేయరాదు?” అంది. గోటితో బెరడు కొంచెం గీకి చూపించాను. లోపల పచ్చగా ఉంది. బతికే ఉందన్నమాట.

ఈ మేలో కొమ్మలు కొట్టేవాళ్లు మళ్లీ వచ్చారు. గేటు దగ్గరి మొక్క అప్పటికి నాన్న నడుము దాకా ఉంది, నిండా ముదురు గులాబీ పూలు. నాన్న సిటౌట్‌లో కుర్చీలోంచి లేవకుండా పేపర్ అంచు మీంచి వాళ్లనే చూస్తున్నాడు. నిచ్చెన పట్టుకున్నాయన పైకి తీగల వంక చూశాడు, కిందికి మొక్క వంక చూశాడు.

“ఇది మంచిగున్నది పెద్దాయనా, ఏం పేరు?”

నాన్న పేపర్ మడిచి, గేటు తీసుకుని బయటికి వెళ్లాడు. పది నిమిషాలు చెప్పినట్టున్నాడు. వెళ్లేటప్పుడు ఆయన చేతిలో, తడిగుడ్డలో చుట్టిన మూడు కొమ్మలున్నాయి. వానలు పడగానే మట్టిలో గుచ్చమని నాన్న చెప్పడం నాకు వినిపించింది.

తర్వాత వాళ్లు పక్కింటి ముందు నిచ్చెన వేశారు. వాళ్లది నేరేడు చెట్టు.