మంచానికీ బాత్రూముకూ మధ్య పది అడుగులు

తుంటి ఎముక విరిగినవారికి ఆపరేషన్ చేసే ముందు బీపీ, షుగరు, గుండె పరిస్థితి చూడమని ఆర్థోపెడిక్ వార్డు నుంచి మాకు కబురు వస్తుంది. వెళ్లినప్పుడల్లా 'ఎలా పడ్డారమ్మా?' అని అడుగుతాను. మెట్ల మీంచి పడ్డామనో, బస్సు దిగుతూ పడ్డామనో చెప్పేవారు తక్కువ. 'రాత్రి బాత్రూముకని లేచాను బాబూ, కాలు జారింది' అనే మాటే ఎక్కువగా వింటుంటాను. ఏళ్ల తరబడి ఉంటున్న ఇల్లు, కళ్లు మూసుకుని నడవగలమనుకునే దారి. పడేది అక్కడే.

పెద్దవయసులో తుంటి విరిగితే సమస్య ఎముకతో ఆగదు. మంచం మీద గడిచే ఒక్కో రోజుకీ ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాళ్ల సిరల్లో రక్తం గడ్డలు, వీపున పుండ్లు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఆపరేషన్ బాగా జరిగినా చాలామంది మునుపటిలా నడవలేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 6.84 లక్షల మంది కిందపడటం వల్ల ప్రాణాలు కోల్పోతున్నారు. వీరిలో అరవై దాటినవారే ఎక్కువ. ఇంట్లో కొద్దిపాటి మార్పులతో ఈ ముప్పును చాలావరకు తగ్గించుకోవచ్చు.

రాత్రే ఎందుకు?

పడుకున్న మనిషి ఒక్కసారిగా లేస్తే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. బీపీ మాత్రలు, ప్రోస్టేట్‌కు వాడే టామ్సులోసిన్ వంటివి దీన్ని పెంచొచ్చు. నిద్రమాత్రల మత్తు తోడైతే అడుగు తడబడుతుంది. షుగరుతో పాదాల్లో స్పర్శ తగ్గినవారికి తడి నేల తెలియదు. శుక్లాలు ఉంటే మసక వెలుతురులో గడప కనిపించదు. అందుకే లేవగానే నడవకుండా, ఒక నిమిషం మంచం అంచున కూర్చుని, కాళ్లు రెండుమూడుసార్లు ఆడించి అప్పుడు నిలబడమని చెప్పండి.

దారి సరిచేయండి

మంచం నుంచి బాత్రూము దాకా నేలను చూపించేలా చిన్న ఎల్‌ఈడీ లైట్లు పెట్టండి. మనిషి కదలికకు వాటంతటవే వెలిగే సెన్సర్ లైట్లైతే చీకట్లో స్విచ్ కోసం తడుముకునే పని ఉండదు. కరెంటు పోయినా వెలిగే రీఛార్జబుల్ బల్బు ఒకటి ఉండాలి. దారిలో ఉన్న సెల్ ఛార్జర్ వైర్లు, చిన్న స్టూళ్లు, మడతలు పడే పాత పట్టాలు తీసేయండి. అడుగున రబ్బరు లేని డోర్‌మ్యాట్ జారుడుబండతో సమానం. అరిగిపోయిన హవాయి చెప్పులూ అంతే.

గడప తీసేయమంటే మన ఇళ్లలో కుదరదు. పసుపు రాసిన గడప పగలు బాగానే కనిపిస్తుంది. రాత్రి కనిపించాలంటే దాని పక్కనే లైటు ఉండాలి. బాత్రూము దగ్గరి మెట్టు అంచుకు ముదురు రంగు టేపు అతికించినా చాలు.

బాత్రూములో ఏం మార్చాలి?

ముందు కమోడ్ పక్కన, స్నానం చేసేచోట స్టీలు గ్రాబ్ బార్లు బిగించండి. మామూలుగా వీటిని నేల నుంచి 33-36 అంగుళాల ఎత్తులో పెడతారు. అయితే ఇంట్లో పెద్దవారిని అక్కడ కూర్చోబెట్టి, లేపి, వారి చేయి ఎక్కడికి వెళ్తుందో చూసి గుర్తు పెట్టించడం మేలు. బోల్టులు టైల్‌లో ఆగకుండా గోడలోకి దిగాలి. గోడకు అతుక్కునే రబ్బరు కప్పుల రకం నమ్మదగినది కాదు. టవల్ రాడ్ మనిషి బరువును ఆపలేదు.

కమోడ్ మీద కూర్చుంటే మోకాళ్లు తుంటి కంటే పైకి వస్తున్నాయా? అయితే అది వారికి ఎత్తు తక్కువ. పైన అమర్చే రైజర్లు సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి. నిలబడి స్నానం చేసేవారికి కాళ్లకు రబ్బరు బూట్లున్న గట్టి స్టూలు ఇవ్వండి. పల్చటి ప్లాస్టిక్ స్టూలు వద్దు. పండగపూట నలుగుపెట్టి తలంటుకున్నాక నేలపై నూనె మిగలకుండా సబ్బుతో కడిగేయండి. బయటి నుంచి కూడా తెరవగలిగే గొళ్లెం తప్పనిసరి. లోపల పడిపోతే తలుపు పగలగొట్టే లోపు విలువైన సమయం పోతుంది.

'నేనేమన్నా ముసలాణ్ణయ్యానా, ఇవన్నీ ఎందుకు?' అని నాన్నగారు కోప్పడొచ్చు. 'ఇంట్లో అందరికీ పనికొస్తాయి నాన్నా' అనండి. అది అబద్ధం కాదు. గర్భిణులకూ, మోకాళ్ల నొప్పులవారికీ ఇవే ఆసరా.

మందుల సంచి తెండి

చాలామంది పెద్దలు పడిన సంగతి పిల్లలకు చెప్పరు. కంగారుపడతారనో, ఒంటరిగా తిరగనివ్వరనో భయం. మెల్లగా అడిగి తెలుసుకోండి. ఒకసారి పడినవారు మళ్లీ పడే అవకాశం ఎక్కువ. వాడుతున్న మందులన్నీ సంచిలో వేసి డాక్టరుకు చూపించండి. పడుకున్నప్పుడు, నిలబడ్డాక బీపీ చూడమని అడగండి. మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర సాయంత్రం వేసుకుంటున్నారేమో చూపించుకోండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి.

పడితే వెంటనే ఏం చేయాలి?

రెక్క పట్టుకుని లాగి లేపకండి. తుంటి దగ్గర విపరీతమైన నొప్పి ఉన్నా, కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరిగినా కదపకుండా 108కి ఫోన్ చేయండి. నూనె రాసి మర్దన చేయడం, నాటు కట్టు కట్టించడం వద్దు. తలకు దెబ్బ తగిలితే, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడేవారైతే, బాగానే ఉన్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పెద్దవాళ్లలో మెదడు చుట్టూ రక్తస్రావం కొన్ని వారాల తర్వాత బయటపడొచ్చు. తలనొప్పి, మగత, మాట తడబాటు కనిపిస్తే ఆలస్యం చేయకండి.

ఈ రాత్రి ఒక పని చేయండి. లైట్లన్నీ ఆపి, అమ్మానాన్నల మంచం మీద కూర్చుని, అక్కడి నుంచి బాత్రూము దాకా మెల్లగా నడవండి. చేయి దేనికోసం వెతికిందో, కాలికి ఏం తగిలిందో గుర్తుపెట్టుకోండి. రేపు పొద్దున ఇంట్లో మార్చాల్సినవి అవే.