అష్రఫ్‌ను అచ్రఫ్ చేయకండి

మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టుకు రూపకర్త నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పేరు చివరి మాటను ఇంగ్లిష్‌లో రాసే తీరు చూస్తే కొత్తవాళ్లెవరైనా 'జుంగ్' అనే చదువుతారు. తెలుగులో మాత్రం ఆ తప్పు జరగలేదు. ఇక్కడ ఆయన జంగే, హైదరాబాద్‌లో మ్యూజియం సాలార్‌జంగే. ఎందుకంటే ఆ పేర్లు మనకు ఉర్దూ మాట్లాడేవాళ్ల నోటినుంచి చెవికెక్కాయి, చెవినుంచి కాగితం మీదికి వచ్చాయి. నిజాంసాగర్‌కు దగ్గర్లోని బాన్సువాడ సంగతీ అంతే. ఇంగ్లిష్ బోర్డులో 'సు'కు ఉకారం కనిపించదు, అయినా ఊరిపేరు బాన్సువాడగానే నిలిచింది. ఇంత చక్కటి అలవాటున్న మనం మొరాకో ఫుట్‌బాల్ ఆటగాళ్ల దగ్గరికి వచ్చేసరికి చెవిని పక్కనబెట్టి ఇంగ్లిష్ స్పెల్లింగు వెంట పడటం సరికాదు.

2022 ప్రపంచకప్‌లో మొరాకో సెమీఫైనల్ దాకా వెళ్లింది. ఆఫ్రికా నుంచి అంతదూరం వెళ్లిన మొదటి జట్టు అదే. ప్రీక్వార్టర్స్‌లో స్పెయిన్‌పై షూటౌట్‌లో చివరి పెనాల్టీని గోల్‌కీపర్ దూకాక నింపాదిగా మధ్యలోకి ఎత్తి గెలిపించిన డిఫెండర్ అష్రఫ్ హకీమి. ఇంగ్లిష్‌లో అతని పేరు మధ్య 'సీ', 'హెచ్' అక్షరాలుంటాయి కాబట్టి చూసినవాళ్లు అచ్రఫ్ అనేస్తారు. కానీ మొరాకో చాలా భాగం 1912 నుంచి 1956 దాకా ఫ్రాన్స్ రక్షిత రాజ్యం. అక్కడి పేర్లు రోమన్ లిపిలోకి ఫ్రెంచి పద్ధతిలో ఎక్కాయి. ఫ్రెంచిలో ఆ రెండక్షరాలూ కలిస్తే 'ష'. 'ఓ', 'యూ' కలిస్తే 'ఉ' లేదా 'ఊ'. ఈ రెండు ముక్కలు తెలిస్తే చాలు, సగం చిక్కు విడిపోతుంది. గోల్‌కీపర్ యాసిన్ బునూ ఇక బౌనౌ కాడు, హకీమ్ జియేష్ జియెచ్ కాడు, నుసైర్ మజ్రావి మజ్రౌయి కాడు. మన ఇండియన్ సూపర్ లీగ్‌లో గోవాకు, ముంబైకి, ఒడిశాకు ఆడిన అహ్మద్ జహూహ్ ఇంటిపేరును జహౌ అని నమిలేయాల్సిన పనీ ఉండదు. అరబిక్‌లో ఆ చివరి 'హ' వినబడే అక్షరం.

దీనికి మొదటి అభ్యంతరం, ఆటగాడే తన పేరును అలా రాసుకుంటుంటే మార్చడానికి మనమెవరం అని. మనం మారుస్తున్నది అతని రాతను కాదు. ఆ స్పెల్లింగు రోమన్ లిపిది. అదే పేరును అరబిక్‌లో రాస్తే 'ష'కు ఉన్న అక్షరంతోనే రాస్తారు. తెలుగులో 'ష' ఉండగా 'చ' రాయడమే అసలు మార్పు. రెండో అభ్యంతరం కాస్త గట్టిది. హకీమి పుట్టింది మాడ్రిడ్‌లో, స్పానిష్‌లో ఆ అక్షరాలు 'చ'గానే పలుకుతాయి. నిజమే. కానీ ఆ పేరు స్పానిష్ పేరు కాదు, ఇంట్లోవాళ్లు పెట్టిన అరబిక్ పేరు. ఆటగాడే ఒక రూపం ఎంచుకున్నప్పుడు మాత్రం అతని మాటే చెల్లాలి. బునూ జెర్సీ మీద బోనో అని ఉంటుంది కాబట్టి బోనో అని రాయడంలో తప్పేమీ లేదు.

చెవిని నమ్మడమంటే ప్రతి పేరునూ మన వాడుక పేరుగా మార్చేయడమూ కాదు. ఇండియన్ సూపర్ లీగ్‌లోనే నార్త్‌ఈస్ట్ యునైటెడ్ తరఫున 2024-25 సీజన్‌లో 23 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ అందుకున్న మొరాకో ఆటగాడి మొదటి పేరు మనకు తెలిసిన అల్లావుద్దీనే. అయితే ఫార్సీ, ఉర్దూల మీదుగా మనకు వచ్చిన ఆ రూపాన్ని అతనికి తగిలించకూడదు. మొరాకోలో అది అలాఎద్దీన్, అలాగే ఉండనివ్వాలి. అరబిక్‌లోని రెండు రకాల 'హ'లకు మన లిపిలో ఒక్కటే ఉంది, జియేష్‌లోని మొదటి ధ్వనికి విడి అక్షరం లేదు. పర్వాలేదు. నిజాంలో ఏ 'జ' రాస్తున్నామో అదే ఇక్కడా సరిపోతుంది. ఉర్దూ వచ్చినవాళ్లు ఒకలా, రానివాళ్లు మరోలా పలికినా నిజాంసాగర్ పేరుకు ఇన్నేళ్లలో లోటేమీ రాలేదు.

ఏజెన్సీ వార్త రాత్రి పొద్దుపోయి వస్తుంది, ఇవన్నీ చూసే తీరిక ఎక్కడిదని స్పోర్ట్స్ డెస్క్‌లో అడగొచ్చు. అరబిక్‌లో పేరు ఎలా రాస్తారో ఫోన్‌లో వెతకడానికి నిమిషం పడుతుంది. బాన్సువాడలోనైనా హైదరాబాద్‌లోనైనా ఉర్దూ చదవడం వచ్చినవాళ్లు ఆ అక్షరాలను చూసి హల్లులేమిటో అక్కడికక్కడే చెప్పేస్తారు. అచ్చుల కోసం అరబిక్ కామెంటరీ కాసేపు వింటే చాలు. స్పెయిన్, పోర్చుగల్‌తో కలిసి 2030 ప్రపంచకప్‌కు మొరాకో ఆతిథ్యమివ్వబోతోంది. అప్పటిలోగా తెలుగు పత్రికలు, చానళ్లు ఈ పేర్లకు ఒక ఉమ్మడి జాబితా తయారు చేసుకోవాలి.