పామర్ - ఒక ఇంటిపేరు చరిత్ర

హైదరాబాదు రాజ్య చరిత్ర చదువు విద్యార్థులకు 'పామర్ కంపెనీ' అను మాట తారసపడును. ఆ పేరు వినగానే తెలుగువారికి 'పామరుడు' స్ఫురించుట సహజము. కాని ఈ రెండు మాటలకు చుట్టరికము లేదు.

ఆంగ్లేయుల ఇంటిపేర్లు వృత్తిని బట్టియో, ఊరిని బట్టియో, తండ్రి పేరును బట్టియో, రూపమును బట్టియో ఏర్పడినవి. కమ్మరి స్మిత్ అయినాడు. జాన్ కొడుకు జాన్సన్ అయినాడు. మన నిఘంటుకారుడు బ్రౌన్ దొర ఇంటిపేరు జుట్టు రంగునో, మేని రంగునో తెలుపును. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాత, కొన్ని శతాబ్దములలో ఇవి క్రమముగా వంశపారంపర్యము లైనవి.

పామర్ అను పేరు పుణ్యయాత్రకు సంబంధించినది. లాటిను భాషలో 'పాల్మా' అనగా అరచేయి. తాటి, ఖర్జూర జాతి చెట్లకును అదే పేరు. మధ్యయుగములో జెరూసలేము యాత్ర చేసినవాడు గుర్తుగా ఖర్జూరపు మట్ట తెచ్చుకొనెడివాడు. అట్టివానిని పామర్ అనిరి. స్పెయిన్‌లోని కంపోస్టెలా యాత్రకు గుర్తు ఆల్చిప్ప. ఖర్జూరము మన హాలియా ప్రాంతపు ఈతచెట్టుకు దగ్గరి జ్ఞాతి. మక్కా యాత్ర చేసినవారిని మనము 'హాజీ' అని గౌరవించుట వంటిదే ఇదియు. భేద మొక్కటే. హాజీ అను గౌరవము యాత్ర చేసినవానిది. పామర్ అను పేరు యాత్ర చేయని మనుమలకును సంక్రమించినది.

అట్టి మనుమలలో ఒకడు హైదరాబాదు వాడైనాడు. పూనాలో రెసిడెంటుగా నుండిన జనరల్ పామర్‌కు, ఫైజ్ బక్ష్ బేగమునకు జన్మించిన విలియం పామర్ నిజాం సైన్యములో పనిచేసి, 1814లో వడ్డీ వ్యాపార సంస్థను నెలకొల్పెను. రాజ్య వ్యవహారములు నడిపిన చందూలాల్ సైన్యపు జీతములకై ఆ సంస్థ వద్ద అప్పులు చేసెను. 1820 నాటి ఒక్క ఋణమే 60 లక్షల రూపాయలు. రెసిడెంటు మెట్కాఫ్ ఈ వ్యవహారమును గట్టిగా ప్రతిఘటించెను. ఉత్తర సర్కారులకు గాను ఈస్టిండియా కంపెనీ ఏటేటా నిజామునకు 7 లక్షల పేష్కష్ చెల్లించవలసి యుండెను. 1823లో నిజాం ఆ రాబడిని శాశ్వతముగా వదలుకొని, 1,16,66,666 రూపాయలు పుచ్చుకొని, పామర్ బాకీ తీర్చవలసి వచ్చినది. మరుసటి యేడే పామర్ సంస్థ దివాలా తీసినది.

పుణ్యయాత్రికుని పేరు ఒక రాజ్యపు అప్పుల ఖాతాకు పేరైనది. మన విద్యార్థులలో షేక్‌లు కలరు, సయ్యద్‌లు కలరు. షేక్ అనగా పెద్ద. సయ్యద్ అనగా నాయకుడు. ఈ పేర్లు పెద్దలు మనకిచ్చినవి. వాని అర్థమునకు తగినట్లు నడుచుకొనుట మాత్రము మనలో ప్రతియొక్కరును స్వయముగా చేయవలసిన పని.