పాత మిలిటరీ ట్రెయిలర్: యథాతథంగా బాగుచేయాలా, మన అవసరానికి మార్చుకోవాలా?

అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాల్లో సెలవు దొరికితే పిల్లలను తీసుకుని క్యాంపింగ్‌కు వెళ్లేవాళ్లు ఉన్నారు. టెంట్, పరుపులు, నీళ్ల డబ్బాలు, వంట గిన్నెలు, నమాజ్ చాపలు... అన్నీ కార్లో పట్టవు. కొత్త ట్రెయిలర్ కొనాలంటే ఖర్చు ఎక్కువ. అందుకే కొందరి చూపు సైన్యం వాడి అమ్మేసిన పాత ట్రెయిలర్ల మీద పడుతోంది.

కొన్నాక అసలు ప్రశ్న మొదలవుతుంది. సైన్యంలో ఉన్నప్పటిలాగే బాగుచేయాలా? లేక కోసి, వెల్డింగ్ చేసి మనకు కావాల్సినట్టు మార్చుకోవాలా? రెండూ తప్పు కాదు. కానీ విప్పిన బోల్టును మళ్లీ బిగించవచ్చు, కోసిన ఇనుమును మాత్రం మునుపటిలా అతికించలేం. నిర్ణయం తీసుకునేటప్పుడు ఈ ఒక్క తేడా గుర్తుంటే చాలు.

ముందు మీ దగ్గరున్నది ఏదో తెలుసుకోండి

సాధారణంగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి పావు టన్ను ఎం-416. వియత్నాం యుద్ధకాలంలో ఎం-151 జీపుల వెనక తిరిగిన చిన్న ట్రెయిలర్ ఇదే. రెండోది ముప్పావు టన్ను ఎం-101. ఇది కాస్త పెద్దది, బరువైనది.

వీటికంటే పాతవి రెండో ప్రపంచయుద్ధం నాటి బాంటమ్ ట్రెయిలర్లు. 1940లో తొలి జీపు నమూనా తయారుచేసింది అమెరికన్ బాంటమ్ కంపెనీయే. తర్వాత జీపుల పెద్ద ఆర్డర్లు విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు వెళ్లిపోయాయి. బాంటమ్ మాత్రం ఆ జీపులు లాగే ట్రెయిలర్లు తయారుచేసింది. అలాంటిది అసలు ప్లేటుతో సహా మీ చేతికొస్తే దాన్ని కోయకండి. కోస్తే చరిత్రా పోతుంది, ధరా పోతుంది.

అదే తుప్పు తిన్న తొట్టి, పోయిన ప్లేటుతో ఎం-416 దొరికిందనుకోండి. దాన్ని మ్యూజియం వస్తువులా తయారుచేయాలని డబ్బు ధారపోయడంలో అర్థం లేదు. ఇస్రాఫ్ అంటే పనికొచ్చే వస్తువును పాడుచేయడం ఒక్కటే కాదు, అక్కర్లేని చోట డబ్బు తగలేయడం కూడా.

బరువు లెక్క

చాలామంది పొరబడేది ఇక్కడే. పావు టన్ను అంటే 500 పౌండ్లు, సుమారు 227 కిలోలు. కచ్చా దారిలో అంతవరకే మోయాలని ఆ లెక్క. ఇప్పుడు 100 లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టారనుకోండి, నీళ్లే 100 కిలోలు. పైన మడత టెంట్ మరో 60 కిలోలు, దాన్ని మోసే ఇనుప ఫ్రేము 40 కిలోలు అనుకుందాం. మొత్తం 200 అయింది. ఇంకా స్టవ్, గ్యాస్, ఆహారం, బట్టలు ఎక్కనే లేదు.

పైగా టెంట్ ఎత్తున ఉంటుంది కాబట్టి మలుపుల్లో ట్రెయిలర్ ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. బరువైన సామాను కింద, ఇరుసుకు కాస్త ముందుకు ఉండాలి. మొత్తం బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు వరకు కారు కొక్కెం మీద పడితే ట్రెయిలర్ నిలకడగా వస్తుంది. బరువంతా వెనక్కి పోతే హైవే మీద తోకలా ఊగుతుంది. వెనక సీట్లో పిల్లలుంటారని మరిచిపోవద్దు.

లైట్లు, కొక్కెం, టైర్లు

సైన్యం వాహనాల కరెంటు 24 వోల్టులు, మన కార్లది 12. పాత బల్బులు అలాగే ఉంచితే మసకగా వెలుగుతాయి. బల్బులు మార్చండి, లేదా 12 వోల్టుల ఎల్‌ఈడీ లైట్లు వేరే వైరుతో పెట్టండి. పాత వైరింగ్, పెద్ద మిలిటరీ ప్లగ్గు తీసి దాచుకోండి.

ముందుభాగంలో ఉండే పెద్ద ఇనుప రింగు మామూలు కార్ల బాల్ హిచ్‌కు పట్టదు. రింగును కోసేయకుండా, కారుకే దానికి తగిన పింటిల్ కొక్కెం పెట్టించుకోవచ్చు. రింగు బోల్టులతో ఉంటే విప్పి బాల్ కప్లర్ బిగించవచ్చు. రెండు పద్ధతుల్లోనూ సేఫ్టీ గొలుసులు తప్పనిసరి.

టైరు గాడులు బాగున్నాయని మోసపోకండి. టైరు పక్కన డాట్ అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు చూడండి. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైందని అర్థం. 2000కు ముందు టైర్ల మీద మూడంకెలే ఉంటాయి. అలాంటిది కనిపిస్తే ఆలోచించకుండా మార్చేయండి.

రంగు గీకే ముందు

ఇది ఇంట్లో పిల్లలున్నవాళ్లు ముఖ్యంగా చదవాలి. పాత మిలిటరీ పెయింట్లలో సీసం, క్రోమియం ఉండే అవకాశం ఉంది. 1980ల తర్వాత వాడిన ప్రత్యేక రసాయన నిరోధక పెయింట్ మీద గ్రైండర్ పెట్టినా, వెల్డింగ్ చేసినా వచ్చే ధూళి, పొగ ఊపిరితిత్తులకు హానికరం. గుడ్డ మాస్కు సరిపోదు, సరైన రెస్పిరేటర్ కావాలి. పొడిగా గీకవద్దు. పిల్లలను ఆ దరిదాపుల్లోకి రానివ్వద్దు. ఆ బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకవద్దు. పెద్ద పని అయితే తెలిసిన షాపుకు ఇవ్వడమే మేలు.

మధ్య దారి

చాలా కుటుంబాలకు సరిపోయేది ఇదే. ఇరుసు, బేరింగులు, స్ప్రింగులు, బ్రేకులు పూర్తిగా బాగుచేయించండి. తొట్టికి తుప్పు వదిలించి రంగు వేయండి. ఆ తర్వాత మూత, టెంట్ ఫ్రేము, వంట పెట్టె ఏది పెట్టినా వెల్డింగ్ కాకుండా బోల్టులతో బిగించండి. వీలైతే ఉన్న రంధ్రాలనే వాడండి. ఎం-416 తొట్టి నీళ్లలో తేలేలా తయారైంది. అడుగున ఇష్టమొచ్చినట్టు రంధ్రాలు చేస్తే ఆ గుణం పోతుంది, తుప్పుకు దారి దొరుకుతుంది. విప్పిన ప్రతి భాగానికీ పేరు రాసి పెట్టెలో ఉంచండి.

కాగితాలు కూడా చూసుకోండి. రిజిస్ట్రేషన్ నిబంధనలు అమెరికాలో రాష్ట్రానికో రకంగా ఉంటాయి. ప్రభుత్వ వేలంలో కొన్నవాటికి వచ్చే ఎస్ఎఫ్-97 పత్రం టైటిల్ తీసుకోవడానికి పనికొస్తుంది. ఇక ఆంధ్ర, తెలంగాణల్లో పాత ఆర్మీ వాహనాల మీద మోజున్న యువకులు ఒకటి గమనించాలి. 1988 మోటారు వాహనాల చట్టంలో ట్రెయిలర్ కూడా మోటారు వాహనమే. సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదు. కోయించడానికి ముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి.

డబ్బు తక్కువుంటే వరుస ఇలా పెట్టుకోండి: మొదట ఇరుసు, బ్రేకులు, టైర్లు. తర్వాత లైట్లు, కొక్కెం. ఆ తర్వాత తుప్పు, రంగు. టెంటూ వంట పెట్టే అన్నిటికంటే చివర. ఒకటి రెండు ట్రిప్పులు ఖాళీ తొట్టితోనే వెళ్లి రండి. మీకు నిజంగా ఏం కావాలో అప్పుడు తెలుస్తుంది. కోయాల్సిన అవసరం ఉందో లేదో కూడా.