శీతాకాలపు నీటిపక్షులు – గుర్తింపులో జాగ్రత్తలు, సంరక్షణలో తేడాలు

వానాకాలం ముగిసి చెరువులు నిండిన అక్టోబరు మొదలు ఎండలు ముదిరే మార్చి వరకు ఆంధ్రప్రదేశ్‌లోని కొల్లేరు, పులికాట్, నేలపట్టు, ఉప్పలపాడు, తేలినీలాపురం తదితర ప్రాంతాలు వేలాది నీటిపక్షులతో కళకళలాడుతుంటాయి. సందర్శకులు తరలివెళ్లే ఈ మాసాలలో "సైబీరియా నుండి విచ్చేసిన విదేశీ అతిథులు" అనే మాట పత్రికా వార్తలలోనూ, అప్పుడప్పుడు అధికారిక నివేదికలలోనూ కనిపిస్తుంటుంది. అయితే ఆ మాటతో పాటు ప్రచురితమయ్యే ఛాయాచిత్రాలు తరచుగా గూడబాతులవి, ఎర్రకాళ్ల కొంగలవి. ఈ రెండు జాతులకూ సైబీరియాతో ఎటువంటి సంబంధమూ లేదు.

గూడబాతు, అనగా మచ్చల ముక్కు పెలికాన్, ప్రధానంగా భారతదేశం, శ్రీలంక, కంబోడియాలలో నివసించే పక్షి. బూడిద వర్ణపు దేహం, పై ముక్కు అంచున వరుసగా నల్లని మచ్చలు, దిగువన వేలాడే సంచి దీని ఆనవాళ్లు. పెయింటెడ్ స్టార్క్ అని వ్యవహరించే ఎర్రకాళ్ల కొంగకు పసుపు ముక్కు, నారింజ వర్ణపు బోడి ముఖం, తోక వద్ద గులాబీ ఈకలు ఉంటాయి. ఇవి రెండూ మన చెరువుల చెంతనే గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను పెంచుతాయి. నీరు, మేత లభించే చోటును బట్టి దక్షిణాదిలోనే ఒక తావు నుండి మరొక తావుకు మారుతుంటాయి. నత్తగుల్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, నీటికాకులు కూడా మన దేశంలో గూడు కట్టే పక్షులే. పులికాట్‌కు పేరు తెచ్చిన రాజహంసలు, అనగా ఫ్లెమింగోలు సైతం సైబీరియావి కావు. మన దేశంలో వాటి ప్రధాన సంతానోత్పత్తి స్థావరం గుజరాత్‌లోని కచ్ రణ్ ప్రాంతం.

ఇక నిజంగా సుదూర ఉత్తరం నుండి వచ్చేవి వేరే ఉన్నాయి. సూదితోక బాతు, గార్గనీ, షోవెలర్ వంటి బాతులు, నల్లతోక గాడ్విట్, పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్, లిటిల్ స్టింట్ వంటి బురదనేల పక్షులు ఈ కోవకు చెందుతాయి. లిటిల్ స్టింట్ పిచ్చుకను మించని పరిమాణంలో ఉండి కూడా ఆర్కిటిక్ తీరపు టండ్రాలలో గూడు కట్టి, శీతాకాలానికి మన తీరానికి చేరుతుంది. తల వెనుక రెండు నల్లని పట్టీలుండే బార్ హెడెడ్ గూస్ మంగోలియా, టిబెట్ పీఠభూముల నుండి హిమాలయాలను దాటి వస్తుంది. ఈ ప్రయాణాలు ఊహాగానాలు కావు. 1960లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ భరత్‌పూర్‌లో బాతుల కాళ్లకు తొడిగిన ఉంగరాలు కొన్ని అనంతర కాలంలో నాటి సోవియట్ యూనియన్ భూభాగంలో లభించాయి. అయితే ఈ వలస పక్షులలో అధిక భాగం చిన్నవి, మట్టి రంగువి, గట్టుకు దూరంగా మసలేవి. ఛాయాచిత్రానికి అంతగా ఒదగవు. నిజమైన అతిథులు వార్తకెక్కక, ఇంటివారే అతిథులుగా చెలామణి కావడానికి ఇదొక కారణం కావచ్చు.

ఇది కేవలం పేర్ల పట్టింపు కాదు. ఈ రెండు వర్గాల పక్షుల అవసరాలు భిన్నమైనవి. ఒకదానికి మేలు చేసే చర్య మరొకదానికి చేటు కావచ్చు.

గూడు కట్టే పక్షులకు కావలసినది నీటిలో నిలిచిన చెట్లు. నేలపట్టు చెరువులో నీట మునిగి కూడా బతికే కడప చెట్లపై గూడబాతులు స్థావరం ఏర్పరచుకున్నాయి. చెట్ల చుట్టూ నీరున్నంత కాలం పిల్లులు, నక్కలు, కుక్కలు గూళ్ల దరికి రాలేవు. పిల్లలు ఎగిరే దశకు చేరకముందే చెరువు నీరు అడుగంటినా, సాగు అవసరాలకు తీసివేసినా ఆ రక్షణ తొలగిపోతుంది. అందుచేత ఈ చెరువులలో నీటి విడుదల వేళను గూళ్ల దశను బట్టి నిర్ణయించవలసి ఉంటుంది. జల వనరుల, అటవీ శాఖల అధికారులు, ఆయకట్టు రైతులు కలిసి ముందుగా మాట్లాడుకోవలసిన విషయమిది.

వలస బాతులకు, బురదనేల పక్షులకు కావలసినది ఇందుకు విరుద్ధం. మోకాలి లోతుకు మించని నీరు, దాని అంచున తడి ఆరని బురద ఉంటేనే వాటికి మేత దొరుకుతుంది. చెరువును నిండుగా నింపి, గట్లను నిటారుగా కట్టి, పడవ విహారం ఏర్పాటు చేస్తే చూపరులకు ఆహ్లాదకరమే గాని ఈ పక్షులకు కాలు మోపే చోటుండదు. పులికాట్‌లో ఇది స్పష్టంగా గమనించవచ్చు. తల కిందులుగా వంచి నీటిని వడకట్టి తినే రాజహంసలకు లోతు తక్కువ నీరే అనువైనది. వానలు మితిమీరిన ఏడాది నీరు తగ్గేదాకా అవి రావు. వానలు కరవైన ఏడాది సరస్సు ఉత్తర భాగం త్వరగా ఎండిపోతుంది. సముద్ర ముఖద్వారాల పూడిక ఈ హెచ్చుతగ్గులను మరింత జటిలం చేస్తున్నది.

కొల్లేరు విషయంలో ఈ తేడా మరింత ముఖ్యమైనది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ విస్తరించిన ఈ మంచినీటి సరస్సులో 5 అడుగుల కాంటూరు వరకు గల 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1999లో జి.ఓ. నెం. 120 ద్వారా అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో సరస్సు రామ్‌సర్ జాబితాలో చేరింది. 2005-06లో అక్రమ చేపల చెరువుల గట్లను పెద్దయెత్తున తొలగించినప్పటికీ, ఆక్రమణలు మరల తలెత్తాయి. చేపల చెరువు లోతైనది, గట్టు నిటారుగా ఉంటుంది, చేపలు సమృద్ధిగా ఉంటాయి. ఇది గూడబాతుకు అనుకూలం, సూదితోక బాతుకు ప్రతికూలం. ఆటపాక వద్ద ఏర్పాటు చేసిన ఇనుప స్టాండ్లపై గూడబాతులు గుంపులుగా గూళ్లు పెట్టడం హర్షణీయమే. అయితే ఆ సంఖ్యను మాత్రమే చూసి కొల్లేరు కోలుకున్నదని నిర్ధారించడం సరికాదు. గట్లు లేని, రెల్లు, బురద, లోతు తక్కువ నీరు కలిసి ఉన్న సహజ సరస్సు ఎంత మిగిలినదో తెలియాలంటే బాతుల, బురదనేల పక్షుల సంఖ్యలను విడిగా చూడాలి.

పెలికాన్‌ల స్థావరాలు సైతం శాశ్వతమైనవి కావు. కొల్లేరు ప్రాంతంలో 1946లో పక్షి శాస్త్రజ్ఞుడు కె.కె.నీలకంఠన్ వెలుగులోకి తెచ్చిన భారీ స్థావరం 1975 ప్రాంతానికి కనుమరుగైంది. నేలపట్టు అభయారణ్యంగా రక్షణ పొందినది 1976లో.

ఈ లెక్కలకు ఆధారం ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన. 1987లో ఆరంభమైన ఈ కార్యక్రమంలో అటవీ సిబ్బందితో పాటు స్వచ్ఛంద పక్షి వీక్షకులు పాల్గొంటారు. పెద్ద గుంపులో ముందుగా పది లేక వంద పక్షులను లెక్కించి, అవి ఆక్రమించిన మేరను కొలమానంగా మిగిలిన గుంపును అంచనా వేస్తారు. ఒకే పక్షి రెండుమార్లు లెక్కకు రాకుండా సమీప చెరువులను వీలైనంత వరకు ఒకే ఉదయం చూడడం మంచిది. పక్షులు కనిపించని చెరువును జాబితా నుండి వదిలివేయరాదు. అక్కడ సున్నా అని నమోదు చేయడం కూడా సమాచారమే.

అరుదైన పక్షి కనిపించినదన్న సమాచారం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తేదీ, సమయం, స్థలం, వీలైతే ముక్కు, కాళ్లు, రెక్కలు కనిపించే ఛాయాచిత్రం ఉంటేనే గుర్తింపును నిపుణులు పరిశీలించగలరు. ఉదాహరణకు కాకినాడ తీరంలోని ఇసుక దిబ్బలపై శీతాకాలంలో విడిది చేసే ఇండియన్ స్కిమ్మర్ ప్రపంచవ్యాప్తంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. పై ముక్కు కంటే కింది ముక్కు పొడవుగా ఉండడం వల్ల స్పష్టమైన ఛాయాచిత్రం ఒక్కటి ఉన్నా దీనిని గుర్తించవచ్చు. చంబల్ వంటి నదుల ఇసుక తిన్నెలపై గూడు కట్టే ఈ పక్షిని విశ్రాంతి వేళ పదేపదే లేపడం హానికరం. ఇటువంటి పక్షుల గుంపు వద్దకు పడవలను, గూళ్ల మీదుగా డ్రోన్‌లను పంపకుండా దూరదర్శినితో చూడడమే మేలు.

పులికాట్, నేలపట్టు పక్షుల పేరిట సూళ్లూరుపేటలో నిర్వహించే ఫ్లెమింగో ఫెస్టివల్ 2020 తరువాత కొన్నేళ్లు ఆగి, 2025 జనవరిలో తిరిగి జరిగింది. ఇటువంటి సందర్భాలలో వార్తలు సేకరించే విలేకరులు మొత్తం పక్షుల సంఖ్యతో సరిపెట్టుకోక, అటవీ శాఖ నుండి జాతుల వారీ జాబితాను, గణన తేదీని, ఆనాటి నీటిమట్టాన్ని కూడా కోరి తీసుకోవడం ప్రయోజనకరం. ఒక ఏడాది అంకెను మరొక ఏడాదితో పోల్చాలంటే ఈ మూడూ అవసరమవుతాయి.